రైతు చెప్పిన మాట రైతుకే రహస్యమా?

విత్తనం మోసం చేసిందని ఫిర్యాదు చేస్తే అధికారులు వస్తారు. చేను చూస్తారు. రైతును అడుగుతారు, పక్క చేను రైతును అడుగుతారు, దుకాణందారును అడుగుతారు, కంపెనీ మనిషిని పిలిపించి అడుగుతారు. అందరి మాటలూ రాసుకుంటారు. సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ తర్వాత ఆ కాయితాలన్నీ ఒక ఫైలులోకి పోతాయి, ఫైలు బీరువాలోకి పోతుంది. నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కో సివిల్ కోర్టుకో పోయిన రైతు ఆ కాయితాల నకళ్లు అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: "అది శాఖ అంతర్గత విచారణ. రహస్యం. ఇవ్వరాదు."

ఈ రహస్యం ఎవరి నుంచి దాస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. కంపెనీ ప్రతినిధి ఏం చెప్పాడో కంపెనీకి తెలుసు. డీలర్ ఏం చెప్పాడో డీలర్‌కు తెలుసు, ఆ డీలర్ ద్వారా కంపెనీకీ తెలుసు. అధికారికి అందరి మాటలూ తెలుసు. తెలియనిది ఒక్క రైతుకే. పంట పోగొట్టుకున్నవాడికి, ఫిర్యాదు పెట్టినవాడికి, ఆ విచారణ ఎవరి కోసం జరిగిందో ఆ మనిషికే అది రహస్యం. దీన్ని మేం ఒప్పుకోం. అధికారులు విచారణలో రాసుకున్న వాంగ్మూలాలు, పంచనామా, ల్యాబ్ రిపోర్టు రైతు వేసిన కేసులో కోర్టు ముందుకు రావాలి. ఎందుకు రావాలో, చట్టం ఏం చెబుతోందో, ఎట్లా రాబట్టుకోవాలో ఈ సంచికలో వివరంగా రాస్తున్నాం.

ఆ కాయితం లేకుంటే కేసు లేదు

కందికట్కూరు నుంచి గాలిపెల్లి దాకా, రహీంఖాన్‌పేట నుంచి పొత్తూరు దాకా మన మండలంలో ఏ రైతును అడిగినా ఒకటే వరస. వానాకాలం మొదట్లో అప్పు తెచ్చి విత్తనం కొంటాం. అనంతగిరి దగ్గర అన్నపూర్ణ రిజర్వాయర్ వచ్చాక మన దగ్గర వరి పెరిగింది, దాంతో బస్తాల్లో కొనే విత్తనమూ పెరిగింది. చెలకల్లో పత్తి, మక్క ఎట్లాగూ కొన్న విత్తనమే. గింజ మొలవకపోతే పది రోజుల్లో తెలుస్తుంది. కానీ బెరుకులు, కల్తీ మొక్కలు, ముందే ఈనడం, పూత నిలవకపోవడం వంటివి పంట చేతికి వచ్చే దశలోనే బయటపడతాయి. అప్పటికి మన చేతిలో మిగిలేది చిరిగిన సంచి, దొరికితే ఒక బిల్లు.

కోర్టులో నష్టాన్ని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారు. విత్తనం బాగాలేదని రైతే చూపాలి. కంపెనీ వకీలు లేచి మూడు మాటలు అంటాడు: వాన పడలేదు, మందు ఎక్కువ కొట్టాడు, ఈ విత్తనం మాది కాదు. దానికి జవాబు ఎక్కడ ఉంటుంది? చేను పచ్చగా ఉన్నప్పుడే వచ్చి చూసిన వ్యవసాయ అధికారి, శాస్త్రవేత్త రాసిన కాయితంలో ఉంటుంది. అదే లాటు వేసిన నలుగురు రైతుల మాటల్లో ఉంటుంది. "ఈ లాటు మీద ఇంకా ఫిర్యాదులు వచ్చినయి, కంపెనీకి చెప్పిన" అని డీలర్ ఒక్క వాక్యం చెప్పి ఉంటే, ఆ ఒక్క వాక్యం కేసునే మారుస్తుంది. చేను దున్నేసిన తర్వాత ఆ సాక్ష్యం మళ్లీ పుట్టదు. కోత కోసిన మడిని ఏ న్యాయమూర్తీ వచ్చి చూడలేడు. అందుకే ఆ ఫైలు రైతుకు ప్రాణం. అందుకే కంపెనీకి అది బీరువాలో ఉండడమే లాభం.

1966 చట్టం రాసిన తీరు

విత్తన చట్టం 1966లో వచ్చింది. దాని కింద నియమాలు 1968లో వచ్చాయి. విత్తన ఇన్‌స్పెక్టర్ నమూనా తీసినప్పుడు మూడు భాగాలు చేయాలని సెక్షన్ 15 చెబుతుంది. ఒకటి ఎవరి దగ్గర తీశాడో వారికి, ఒకటి పరీక్షకు ల్యాబ్‌కు, మూడోది కోర్టు అవసరానికి దాచి ఉంచాలి. సెక్షన్ 16 ఇంకొంచెం ముందుకు పోయి, ల్యాబ్ రిపోర్టు రెండు నకళ్లు ఇవ్వమంటుంది. ఒకటి ఇన్‌స్పెక్టర్‌కు, రెండోది నమూనా ఎవరి దగ్గర తీశారో వారికి. దుకాణంలో నమూనా తీస్తే రిపోర్టు నకలు దుకాణందారుకు పోతుంది. పంట పోయిన రైతుకు ఇవ్వాలన్న మాట అందులో లేదు.

ఇక నియమం 23-ఏ చూడండి. విత్తనం నాసిరకం వల్ల పంట పోయిందని రైతు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఇన్‌స్పెక్టర్ లేబుళ్లు, సంచులు, మిగిలిన గింజలు స్వాధీనం చేసుకోవాలి. లాటు నమూనాలు ల్యాబ్‌కు పంపి, పంట పోవడానికి కారణం విచారించాలి. తన నివేదికను వీలైనంత త్వరగా పై అధికారికి ఇవ్వాలి. మన సంచి, మన లేబులు, మన గింజ తీసుకుపోతారు. నివేదిక మాత్రం పై అధికారికి. మళ్లీ రైతు పేరు కనిపించదు.

మరి ఆ నివేదిక మీద ప్రభుత్వం కేసు వేస్తే కంపెనీకి పడే శిక్ష ఎంత? సెక్షన్ 19 ప్రకారం మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా. మళ్లీ చేస్తే 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎకరం విత్తనానికి మనం పెట్టే ఖర్చు కంటే కంపెనీ కట్టే జరిమానా తక్కువ. అందులోంచి రైతుకు ఒక్క పైసా రాదు.

ఈ లోటును సుప్రీంకోర్టు 2012 జనవరి 16న స్పష్టంగా ఎత్తిచూపింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు గెలిచిన కేసు అది. విత్తన చట్టంలో రైతుకు నష్టపరిహారం లేదు కాబట్టి, వినియోగదారుల చట్టం కింద పోయే హక్కు రైతుకు ఉందని కోర్టు తేల్చింది. విత్తనాన్ని ల్యాబ్ పరీక్షకు పంపలేదు కదా అని కార్పొరేషన్ వాదిస్తే, కొన్న గింజంతా చేలో చల్లే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఎట్లా అనుకుంటారని కోర్టు తోసిపుచ్చింది. నమూనా పెట్టుకోవాల్సింది అమ్మేవాడని 1968 నియమాల్లోని 13(3) చెబుతుంది. అమ్మిన ప్రతి లాటు రికార్డు మూడేళ్లు ఉంచాలి. లాటు మొత్తం అమ్ముడుపోయాక ఏడాది దాటితే మాత్రం నమూనా పారేయవచ్చు.

ఇక్కడే మెలిక ఉంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంది. నమూనా పారేయడానికి ఏడాది చాలు. ఆఫీసు చుట్టూ ఏడాది తిప్పితే కంపెనీ దగ్గర నమూనా పోతుంది. మూడేళ్లు తిప్పితే రికార్డూ పోతుంది. "రహస్యం" అన్న ఒక్క మాటతో జరిగే ఆలస్యం ఎవరికి కలిసి వస్తుందో వేరే చెప్పాలా?

వాళ్లు చెప్పే సాకులు, మన జవాబులు

మొదటి సాకు: విచారణ నడుస్తోంది, ఇప్పుడు ఇస్తే దెబ్బతింటుంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(హెచ్) చూపిస్తారు. ఆ సెక్షన్ చెప్పేది విచారణకు అడ్డం తగిలే సమాచారం గురించి. విచారణ నడుస్తోందన్న ఒక్క కారణం చాలదని, ఇస్తే విచారణ ఎట్లా చెడుతుందో అధికారి చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్‌సింగ్ కేసులో చెప్పింది. కంపెనీ మనిషి వాంగ్మూలం ఇచ్చి సంతకం పెట్టి పోయాడు. పంచనామా పూర్తయింది. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఇక రైతుకు నకలు ఇస్తే చెడిపోయేది ఏముంది?

రెండో సాకు: వ్యాపార రహస్యం, సెక్షన్ 8(1)(డి). దీనికి మేం నిజాయితీగా జవాబు చెబుతాం. హైబ్రిడ్ విత్తనానికి ఆడ మొక్క, మగ మొక్క ఏ వరసలో కలిపారన్నది కంపెనీ సంపాదించుకున్న విద్య. అది మాకు అక్కర్లేదు, దాన్ని నల్లసిరాతో కొట్టేయండి. మేం అడిగేది ఆ లాటు ఎప్పుడు ప్యాక్ చేశారు, మొలక శాతం ఎంత వచ్చింది, ఎన్ని ప్యాకెట్లు ఏ మండలానికి పంపారు, ఫిర్యాదులు ఎప్పుడు అందాయి అన్న సంగతులు. వరి విత్తనం కనీసం 80 శాతం, హైబ్రిడ్ మక్క 90 శాతం మొలవాలని ప్రభుత్వమే ప్రమాణం పెట్టింది. ప్రభుత్వ ప్రమాణానికి గింజ తూగిందా లేదా అన్నది ఎవరి వ్యాపార రహస్యం? కొంత భాగం ఇవ్వకూడనిదైతే మిగతాది విడదీసి ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 10లో ఉంది. ఒక్క పేజీ పేరు చెప్పి మొత్తం ఫైలు దాచడం చట్టం కాదు.

మూడో సాకు: కంపెనీ మమ్మల్ని నమ్మి చెప్పింది, నమ్మకాన్ని కాపాడాలి. దీనికి జవాబు మన దేశంలోనే ఉంది, అది బ్యాంకుల సంగతి. బ్యాంకులను తనిఖీ చేసిన రిపోర్టులు ఇవ్వమని జనం అడిగితే రిజర్వు బ్యాంకు ఇదే మాట అన్నది. సుప్రీంకోర్టు 2015 డిసెంబర్ 16న, జయంతీలాల్ మిస్త్రీ కేసులో ఆ వాదన కొట్టేసింది. తనిఖీ చేసే సంస్థ జనం కోసం పనిచేస్తుంది, తనిఖీకి గురైన బ్యాంకు మేలు చూడడం దాని పని కాదు, చట్టం కింద తప్పనిసరిగా ఇచ్చిన సమాచారం నమ్మకంతో అప్పగించిన మూట కాదు అన్నది ఆ తీర్పు సారం. బ్యాంకులు ఊరుకోలేదు, ఆ తీర్పు మీద మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. అయినా ఆ మాటలోని న్యాయం మన పొలానికీ వర్తిస్తుంది. విత్తన ఇన్‌స్పెక్టర్ జీతం కంపెనీ ఇవ్వదు. లైసెన్సు కావాలంటే కంపెనీ జవాబు చెప్పాల్సిందే. అది తప్పనిసరి జవాబు. దానికి నమ్మకం అని పేరు పెట్టడం మన చెవిలో పువ్వు పెట్టడమే.

నాలుగో సాకు కొత్తది: వ్యక్తిగత సమాచారం. 2023లో తెచ్చిన డిజిటల్ డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ఆ మార్పు 2025 నవంబర్‌లో అమలులోకి వచ్చింది. ఇంతకు ముందు ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం కూడా ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు అక్కడ వ్యక్తిగత సమాచారం అన్న మాట మాత్రమే మిగిలింది. వాంగ్మూలంలో మనిషి పేరు ఉంటుంది కదా, కాబట్టి మొత్తం వ్యక్తిగతమే అని రేపు ప్రతి ఆఫీసూ అంటుంది. మన సంఘం ఈ మార్పును వ్యతిరేకిస్తోంది. కానీ నిరాశ పడొద్దు. సెక్షన్ 8(2) ఇంకా బతికే ఉంది. దాచడం వల్ల కలిగే మేలు కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు రాయడం మరవొద్దు.

తేల్చాల్సింది ఆఫీసరు కాదు, కోర్టు

సమాచార హక్కు దారి మూసుకుపోయినా కోర్టు దారి తెరిచే ఉంటుంది. ఈ తేడా మనలో చాలామందికి తెలియదు. సమాచార హక్కు కింద నిరాకరించారు కాబట్టి కోర్టులోనూ రాదని వదిలేస్తున్నారు. అది తప్పు. ఆ చట్టం ఎవరు అడిగినా ఇవ్వాల్సిన వాటి గురించి. కోర్టు అడిగేది న్యాయం తేల్చడానికి కావాల్సిన వాటిని.

2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 38(9) జిల్లా కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఇచ్చింది. సాక్షిని పిలిపించవచ్చు, పత్రాలు తెప్పించవచ్చు. సివిల్ కోర్టులో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు కింద వ్యవసాయ శాఖ అధికారికి పత్రం తెమ్మని సమన్లు పంపించవచ్చు. సమన్లు అందితే, అభ్యంతరం ఉన్నా సరే పత్రం కోర్టుకు తేవాల్సిందేనని, ఆ అభ్యంతరం చెల్లుతుందో లేదో కోర్టే తేల్చాలని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 165 చెబుతుంది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చింది ఇదే. సెక్షన్ 130 అధికారికి ఒక వెసులుబాటు ఇస్తుంది. అధికారిక నమ్మకంతో తనకు చెప్పిన మాట బయటపెడితే ప్రజా ప్రయోజనం దెబ్బతింటుందని తాను భావిస్తే, చెప్పమని ఆయన్ను బలవంతం చేయరాదు. ఆఫీసులు దాక్కునేది ఈ సెక్షన్ చాటునే. కానీ అందులో ఉన్నది ప్రజా ప్రయోజనం. కంపెనీ ప్రయోజనం అని ఎక్కడా లేదు.

రహస్యం అన్న ముద్ర వేసి ఒక రకం ఫైళ్లన్నింటినీ కోర్టు కంటికి కనబడకుండా చేయడం కుదరదని సుప్రీంకోర్టు 1981లో ఎస్.పి. గుప్తా కేసులో చెప్పింది. అక్కడ బయటికి వచ్చినవి న్యాయమూర్తుల నియామకం మీద న్యాయశాఖ మంత్రి, ప్రధాన న్యాయమూర్తులు రాసుకున్న ఉత్తరాలు. అంత పెద్దవాళ్ల ఉత్తరాలే కోర్టు తెరిచి చూసినప్పుడు, మన మండలంలో ఒక విత్తన దుకాణందారు చెప్పిన నాలుగు ముక్కలు దేశ రహస్యం ఎట్లా అవుతాయి?

పత్తి నేర్పిన పాఠం

ఇది కొత్త కొట్లాట కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. తొలి ఏళ్లలోనే వరంగల్ వైపు రైతులు దెబ్బతిన్నారు. మన రాష్ట్రం నుంచి పోయిన నివేదికల మీద 2005లో కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ మహికో కంపెనీ మెక్-12, మెక్-162, మెక్-184 రకాలను ఆంధ్రప్రదేశ్‌లో ఆపేసింది. పొలంలో అధికారి రాసిన కాయితానికి ఉన్న బలం అది. పైకి పోతే దేశమంతా తెలిసిన కంపెనీ రకాన్నే ఆపగలిగింది.

2006లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బీటీ పత్తి విత్తనం ధర మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు పోయింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధరలో ఒక్క జన్యువు పేరు మీద పిండుకుంటున్న రుసుం ఎంతో ఆ పోరాటంలో జనానికి తెలిసింది. ఆ ఏడాదే ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తనాల ధరల చట్టం వచ్చింది. లెక్క బయటపడితేనే ధర దిగింది.

అదే సంగతి పదేళ్ల తర్వాత ఎట్లా ముగిసిందో చూడండి. 2016 ఫిబ్రవరిలో కాంపిటీషన్ కమిషన్ మాన్‌శాంటో, మహికో మాన్‌శాంటో సంస్థల మీద డైరెక్టర్ జనరల్ దర్యాప్తుకు ఆదేశించింది. డైరెక్టర్ జనరల్ ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకోగలరు. కంపెనీలు కోర్టుకు పోయాయి. 2023 జూలై 13న ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి, పేటెంటు వ్యవహారంలో కాంపిటీషన్ కమిషన్‌కు అధికారం లేదని ఆ ప్రక్రియనే కొట్టేసింది. కమిషన్ తప్పు తేలిస్తేనే కాంపిటీషన్ చట్టం సెక్షన్ 53ఎన్ కింద నష్టపరిహారం అడగవచ్చు. తేల్చే పనే ఆగింది కాబట్టి అడిగే దారి లేదు. పైగా ఆ చట్టం సెక్షన్ 57 కంపెనీ గురించి సేకరించిన సమాచారం కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బయటికి పోకూడదంటుంది. చట్టం అవసరాలకు మాత్రమే మినహాయింపు. ఏళ్ల తరబడి ప్యాకెట్టు కొన్న పత్తి రైతును ఎవరూ అనుమతి అడగలేదు. ఆయన డబ్బు పోయింది, ఆయన కేసు పుట్టకముందే పోయింది.

ఆహార పంట సంగతి వచ్చేసరికి జనం గట్టిగా నిలబడ్డారు. బీటీ వంకాయ భద్రతా పరీక్షల వివరాలు వ్యాపార రహస్యం అని దాచారు. కేంద్ర సమాచార కమిషన్ ముందు, సుప్రీంకోర్టు ముందు కొట్లాడితే 2008లో ఆ వివరాలు బయటికి వచ్చాయి. స్వతంత్ర శాస్త్రవేత్తలు చదివారు, తప్పులు పట్టారు. కేంద్ర మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నారు. 2010 ఫిబ్రవరి 9న బీటీ వంకాయను నిలిపేశారు. రహస్యం తెరిచినందుకు ఏ కంపెనీ మూతపడలేదు, ఏ శాస్త్రం ఆగిపోలేదు. దేశం ఒక నిర్ణయం తెలిసి తీసుకున్నది, అంతే.

అమెరికాలోనూ ఇదే జరిగింది. మనం పత్తి చేలల్లో చూసే గ్లైఫోసేట్ గడ్డిమందు రౌండప్ మీద అక్కడి రైతులు, తోటపని కూలీలు క్యాన్సర్ కేసులు వేశారు. కంపెనీ పత్రాలు, పర్యావరణ సంస్థ అధికారితో కంపెనీ నడిపిన ఉత్తరాలు మూసి ఉంచాలని కంపెనీ అడిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫెడరల్ న్యాయమూర్తి విన్స్ ఛాబ్రియా 2017 మార్చిలో వాటిని తెరిచారు. 2018 ఆగస్టులో ఒక బడి తోటమాలికి జ్యూరీ 28.9 కోట్ల డాలర్లు ఇప్పించింది, తర్వాత కోర్టులు దాన్ని తగ్గించాయి. 2020లో బేయర్ కంపెనీ వేల కేసుల పరిష్కారానికి 1000 కోట్ల డాలర్లకు పైగా కడతానని ప్రకటించింది. నియంత్రణ సంస్థకూ కంపెనీకీ మధ్య నడిచిన మాటలు కోర్టులో తెరుచుకున్నాకే జనానికి అసలు కథ తెలిసింది.

భయపడి చెప్పినవాడి సంగతి?

ఒక ప్రశ్న మాత్రం నిజమైనది. దానికి జవాబు చెప్పకుండా మేం ముందుకు పోం. విత్తన ప్రాసెసింగ్ ప్లాంటులో కూలి చేసే మనిషి, పాత గింజను కొత్త సంచిలో నింపుతున్నారని అధికారికి చెవిలో చెప్పాడనుకుందాం. చిన్న డీలర్ భయపడుతూ కంపెనీ గుట్టు విప్పాడనుకుందాం. రేపు ఆ కాయితం కోర్టులో చదివితే కూలివాని పని పోతుంది, డీలర్‌కు సరుకు ఆగుతుంది. ఇంకోసారి ఎవరూ నోరు విప్పరు. అధికారులు ఈ మాట అన్నప్పుడు అందులో న్యాయం ఉంది.

వాళ్లను కాపాడాల్సిందే. మనవాళ్లే వాళ్లు. పేరు కొట్టేయండి, ఊరు కొట్టేయండి, అవసరమైతే ఆ పేజీ న్యాయమూర్తి ఒక్కరే చదవనీయండి. ప్రాణభయంతో, రహస్యంగా సమాచారం ఇచ్చినవారి ఆచూకీ దాచడానికి సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జి) ఉన్నదే అందుకు. కానీ కంపెనీ లెటర్‌హెడ్ మీద వచ్చిన జవాబు, కంపెనీ మేనేజరు ఇచ్చిన వాంగ్మూలం, సొంత చేను గురించి రైతు చెప్పిన మాట ఈ లెక్కలోకి రావు. కూలివాని భయాన్ని చూపించి కంపెనీ ఫైలును దాచడం కూలివాన్ని అడ్డం పెట్టుకోవడమే. అసలు నిజం ఏమిటంటే, ఇప్పుడున్న పద్ధతిలో కూలివాని పేరు కంపెనీకి చేరదన్న హామీ ఎవరూ ఇవ్వరు. రైతుకు మాత్రం ఆ మాట చేరదు.

ఇంకో మాట. నిజాయితీగా పనిచేసే అధికారికి ఈ పద్ధతి మేలే చేస్తుంది. పొలం తిరిగి, ఉన్నది ఉన్నట్టు రాసిన ఏఓ కాయితం నలుగురూ చదివితే, దాన్ని తర్వాత పైనుంచి ఎవరూ మార్చలేరు. మా కొట్లాట వ్యవసాయ అధికారులతో కాదు. ఒక్కో మండలంలో ఎన్ని ఊళ్లు, ఎంతమంది రైతుల మీద ఒక ఏఓ పనిచేస్తున్నారో మాకు తెలుసు. మా కొట్లాట ఆ కాయితాన్ని మూసిపెట్టే పద్ధతితో.

మనం చేయాల్సింది

సంఘం సభ్యులకు మా మాట. విత్తనం కొన్ననాడే బిల్లు అడగండి. బిల్లు ఇవ్వడం డీలర్ బాధ్యత అని 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వులో ఉంది. సంచి, లేబులు, గుప్పెడు గింజలు పంట చేతికొచ్చే దాకా దాచండి. నష్టం కనబడిన రోజే ఏఓకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు మీ నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాట ఫిర్యాదుకు ఫైలు పుట్టదు.

విచారణకు వచ్చిన రోజు మీరు చెప్పింది రాసిన కాయితం చదివించుకోండి. చదువు రాకుంటే ఊళ్లో చదువుకున్న పిల్లవాడిని పక్కన నిలబెట్టుకోండి. ఖాళీ కాయితం మీద వేలిముద్ర వేయొద్దు. సంతకం పెట్టే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. అది మీ మాట, మీ మాట ఫొటో తీసుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు. అదే లాటు వేసిన రైతులంతా కలిసి ఫిర్యాదు పెట్టండి. ఒక్కడిని తిప్పడం సులువు, ఇరవై మందిని తిప్పడం సులువు కాదు.

నెలలోపు పంచనామా, ల్యాబ్ రిపోర్టు, వాంగ్మూలాల నకళ్ల కోసం సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు పది రూపాయలకు మించదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నిరాకరించినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఆ నిరాకరణ కాయితాన్ని పారేయకండి, కోర్టులో అదే పనికొస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసిన రోజే, వ్యవసాయ శాఖ ఫైలు తెప్పించమని, కంపెనీ లాటు రికార్డు, నమూనా భద్రపరచమని పిటిషన్ కూడా పెట్టమని వకీలుకు చెప్పండి. 5 లక్షల రూపాయల దాకా విలువ ఉన్న కేసుకు కమిషన్‌లో ఫీజు లేదు.

మా డిమాండ్లు

ఒకటి, విత్తన ఫిర్యాదు విచారణలో రైతు ఇచ్చిన వాంగ్మూలం, పంచనామా నకలు అక్కడికక్కడే రైతుకు ఇవ్వాలి.

రెండు, ల్యాబ్ రిపోర్టు డీలర్‌కు పోయిన రోజే ఫిర్యాదు చేసిన రైతుకూ పోవాలి.

మూడు, డీలర్, కంపెనీ ప్రతినిధుల వాంగ్మూలాలతో కలిపి పూర్తి నివేదికను 15 రోజుల్లో ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. రహస్య సమాచారం ఇచ్చినవారి పేర్లు, హైబ్రిడ్ తల్లిదండ్రుల వివరాలు తప్ప ఏదీ కొట్టేయకూడదు.

నాలుగు, రహస్యం అని కంపెనీ అనదలిస్తే ఏ పేజీ, ఎందుకు అన్నది రాసి ఇవ్వాలి. దాన్ని కోర్టు తేల్చాలి.

ఐదు, రైతు కేసు తుది తీర్పు వచ్చేదాకా ఫైలు, లాటు రికార్డు, నమూనా ధ్వంసం చేయకూడదు.

ఆరు, కేంద్రం 2025 నవంబర్‌లో కొత్త విత్తన బిల్లు ముసాయిదా పెట్టి డిసెంబర్ 11 దాకా అభిప్రాయాలు అడిగింది. జరిమానా 30 లక్షల దాకా పెంచుతామంటున్నారు. జరిమానా ఖజానాకు పోతుంది. రైతుకు పరిహారం, విచారణ రికార్డు మీద రైతుకు హక్కు రెండూ చట్టంలో రాయాలి. అవి లేని విత్తన చట్టం ఏ పేరుతో వచ్చినా కంపెనీల చట్టమే అవుతుంది.

ఈ డిమాండ్లతో వినతిపత్రం తయారవుతోంది. ప్రతి ఊరి కమిటీ తమ ఊళ్లో గత మూడేళ్లలో విత్తన ఫిర్యాదు పెట్టి నకళ్లు అందని రైతుల జాబితా రాసి ఎల్లంతకుంట మండల కమిటీకి ఇవ్వాలి. ఫిర్యాదు తేదీ, పంట, లాటు నంబరు, ఏ జవాబు వచ్చింది అన్న నాలుగు సంగతులు చాలు. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసి కలెక్టరేట్‌కు పోదాం. మన చేను చూసి రాసిన కాయితం మనది. అది మన చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.